స్పొకేన్ షాక్: హాలు నిండినా జట్టు ఎందుకు మిగలలేదు?

పాలౌస్_రవి
ఇల్లు మారుతూ అట్టపెట్టెలు విప్పుతుంటే నారింజ రంగు జెర్సీ ఒకటి బయటపడింది. అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ ఊరి హాలు ఫుట్‌బాల్ జట్టు స్పొకేన్ షాక్‌ది. పుల్‌మన్‌లో చదువుకునే రోజుల్లో, 2010లో కొన్నాను. మా అబ్బాయి దాన్ని తొడుక్కుని, “ఈ జట్టు ఇప్పుడు ఎక్కడ ఆడుతుంది నాన్నా?” అని అడిగాడు. ఎక్కడా ఆడడం లేదన్నాను. “ఎప్పుడూ ఓడిపోయేదా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. నేను చూసిన షాక్ గెలిచే జట్టు. నేను కూర్చున్న హాలులో ఖాళీ కుర్చీ కనబడేది కాదు. ఓడిపోయే జట్టు మూతపడితే అర్థం చేసుకోగలను. ఇది ఎందుకు మూతపడింది? ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఈ ఆటను దగ్గరగా చూసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి. పిల్లవాడికి నిజం చెప్పాలి.

అమీర్‌పేట_అనిత
హాలులో ఫుట్‌బాల్ అంటే ఐదుగురేసి ఆడే ఫుట్‌సాల్ లాంటిదా?

గజంబద్ద
కాదు అనితగారూ. ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఐస్ హాకీ మైదానంలో పట్టేలా కుదించిన ఆట. బయట ఆడేది 100 గజాల పొడవు, జట్టుకు 11 మంది. ఇక్కడ 50 గజాలు, 8 మంది. చుట్టూ మెత్తని దిండ్లు తొడిగిన గోడ. గోల్ స్తంభాలకు రెండు పక్కలా ఎత్తైన వలలు. ఫీల్డ్ గోల్ కోసం, అంటే స్తంభాల మధ్యకు, తన్నిన బంతి గురి తప్పి వలకు తగిలితే ఆట ఆగదు. తిరిగి వచ్చిన బంతిని ఎవరు పట్టుకుంటే వాళ్ళదే. పంట్ కొట్టడం, అంటే బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేయడం, నిషేధం. అందుకే ఒక్కో జట్టు 50, 60 పాయింట్లు చేయడం మామూలు.

జిమ్ ఫాస్టర్ అనే ఆయన 1981లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హాలు సాకర్ చూస్తూ చేతిలో ఉన్న గోధుమరంగు కవరు మీద ఈ మైదానం బొమ్మ గీసుకున్నారు. 1986లో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో ప్రయోగంగా ఒక ఆట ఆడించారు. 1987లో నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగు మొదలైంది. వలల పద్ధతికి 1990లో పేటెంట్ కూడా తీసుకున్నారు.

హాకీ_హరిణి
ముందు వరుసలో టికెట్ కొంటే ఆటగాడు ఒళ్ళో పడడం ఉచితం. ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతిని ఇంటికి తీసుకుపోవచ్చు కూడా!

స్పొకేన్_పాతకాపు
రవిగారూ, నేను 2005 నుంచి 2018 వరకు స్పొకేన్‌లోనే ఉన్నాను. ఉద్యోగం ఆసుపత్రిలో. తెలిసినంత వరుసగా చెబుతాను, పొడవైతే ఓర్చుకోండి.

షాక్ 2006లో పుట్టింది. అది పెద్ద లీగు కాదు. దాని కింద నడిచే ఎఎఫ్‌2 అనే చిన్న లీగు. పెద్ద లీగు 2000లో దీన్ని మొదలుపెట్టింది, మధ్యతరహా ఊళ్ళ కోసం. ఆటగాడికి ఆటకు 200 డాలర్లు, గెలిస్తే ఇంకో 50. పగలు గోదాములో పనిచేసి, సాయంత్రం సాధనకు వచ్చే కుర్రవాళ్ళు. మా ఆసుపత్రి పక్క వీధిలోని వ్యాయామశాలలో ఒకతను పొద్దున తాళాలు తీసేవాడు. శనివారం రాత్రి అతన్నే పదివేలమంది పేరు పెట్టి పిలిచేవారు. సోమవారం పొద్దున మళ్ళీ తాళాలు తీసేవాడు.

మొదటి ఏడాదే 14 గెలుపులు, 2 ఓటములు. ఆగస్టులో పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో ఫైనల్. గ్రీన్ బే బ్లిజార్డ్ మీద 57–34తో ఆ చిన్న లీగు కప్పు, అరీనా కప్పు. కొత్తగా చేరిన జట్టు ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి. 2008లో మళ్ళీ ఫైనల్, టెనెసీ వ్యాలీ వైపర్స్ చేతిలో 56–55, అదీ అదనపు సమయంలో. ఆ ఒక్క పాయింటు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. 2009లో లాస్ వేగాస్‌లో విల్క్స్-బారీ జట్టు మీద 74–27. ఒక్క పాయింటు బాకీని వడ్డీతో సహా తీర్చుకున్నారు.

అప్పట్లో స్పొకేన్‌కు ఏ ఆటలోనూ దేశస్థాయి పెద్ద జట్టు లేదు. గొన్జాగా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు ఉంది, కుర్రవాళ్ళ హాకీ జట్టు ఉంది. సియాటిల్ 450 కిలోమీటర్ల దూరం, మధ్యలో కొండలు. చలికాలం పోయి హాకీ అయిపోగానే అదే హాలులో పచ్చ తివాచీ పరిచేవారు. ఊరికి వేసవి అంటే షాక్. ఇది మీరు చూసిన మాటే.

పాలౌస్_రవి
పాతకాపుగారూ, ఆ తాళాల మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. నేను చూసింది 2010 ఫైనల్. ఆగస్టు 20. అది పెద్ద లీగు కప్పు కదా? అప్పటికి చిన్న లీగు ఏమైంది?

గజంబద్ద
అసలు చిక్కు అక్కడే మొదలైంది. 2008 చివర్లో పెద్ద లీగు డబ్బులేక 2009 పోటీలను రద్దు చేసుకుంది. చిన్న లీగు మాత్రం ఆడింది. తరువాత పెద్ద లీగు దివాలా తీసింది. చిన్న లీగు జట్ల యజమానులు, మిగిలిన కొన్ని పెద్ద జట్లవాళ్ళు కలిసి కొత్త సంస్థ పెట్టి, వేలంలో పాత లీగు పేరును, కప్పును కొనుక్కున్నారు. అలా 2010లో షాక్ పెద్ద లీగులోకి వచ్చింది.

వచ్చిన ఏడాదే టాంపా బే స్టార్మ్ మీద 69–57తో పెద్ద లీగు కప్పు, అరీనా బౌల్ గెలిచింది. టాంపా అప్పటికి ఐదుసార్లు విజేత. చిన్న కప్పు, పెద్ద కప్పు రెండూ గెలిచిన జట్టు చరిత్రలో ఇదొక్కటే.

బెల్‌వ్యూ_సుధ
పెద్ద లీగులోకి “వచ్చింది” అనడం నాకు ఒప్పుదల కాదు. పెద్ద లీగే కిందికి దిగింది. ఒకప్పుడు దేశమంతా చూసే ఎన్‌బీసీ టీవీలో ఆదివారం మధ్యాహ్నం ప్రసారమైన లీగు అది. 2010లో ఆటగాడికి ఆటకు 400 డాలర్లు. చిన్న లీగుకు పెద్ద లీగు చొక్కా తొడిగారు. మా వారు ఉద్యోగరీత్యా చాలా అమెరికా క్రీడా లీగుల లెక్కలు చూసేవారు. ఆయన మాట ఒక్కటే: బస్సులో పోయి ఆడే జట్టు బతుకుతుంది, విమానంలో పోయి ఆడే జట్టు టీవీ డబ్బు ఉంటేనే బతుకుతుంది. ఎఎఫ్‌2ను ప్రాంతాలవారీగా పెట్టింది అందుకే. స్పొకేన్ నుంచి ఫ్లోరిడాకు ముప్పైమందిని తీసుకెళ్ళి తీసుకురావడానికి ఎంత అవుతుందో ఊహించండి. హాలు నిండినంత మాత్రాన సరిపోదు.

స్పొకేన్_పాతకాపు
సుధగారి ఖర్చుల మాట నిజం. కానీ “చొక్కా తొడిగారు” అన్నది ఒప్పుకోను. 2010 ఆగస్టు రాత్రి ఆ హాలులో ఉన్నవాళ్ళెవరూ దాన్ని తక్కువ కప్పు అనరు. కోచ్ రాబ్ కీఫ్ అంతకుముందు ఇదే జట్టుకు ఆడినవాడు, ప్రధాన కోచ్‌గా అదే మొదటి ఏడాది. గోడకు గుద్దుకుంటూ ఆడిన మనిషి గోడ పక్కన నిలబడి గెలిపించాడు. ఆ విజయానికి టీవీ ఒప్పందంతో పనేముంది?

బెల్‌వ్యూ_సుధ
విజయాన్ని తక్కువ చేయలేదు పాతకాపుగారూ. నొప్పించి ఉంటే మన్నించండి. ఆ విజయానికి తగిన ఆధారం కింద లేదన్నదే నా బాధ. అంత బాగా ఆడిన కుర్రవాళ్ళకు ఆటకు 400 డాలర్లు!

గజంబద్ద
ఆ 400 మీద తరువాత గొడవే అయింది. 2012 మార్చిలో పోటీల మొదటి రోజే ఆటగాళ్ళు సమ్మెకు దిగుతారనే వార్త వచ్చింది. ఓర్లాండోలో ఆడడానికి వచ్చిన పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాళ్ళను, ఆటకు ముందు భోజనం చేస్తుండగానే, యజమాని పని నుంచి తీసేశారు. తినే కంచం ముందు. ఆ వార్త చదివిన రోజు నాకు ఈ లీగు మీద నమ్మకం పోయింది.

విజయవాడ_వేణు
కంచం ముందు కూర్చున్నవాణ్ణి ఏమీ అనకూడదని మా అమ్మమ్మ చెప్పేది. ఆ యజమానికి అమ్మమ్మ లేనట్టుంది.

డక్కన్_అభిమాని
ఈ కథ చదువుతుంటే గుండె ఎక్కడికో పోతోంది. 2009లో స్పొకేన్ కప్పు గెలిచిందన్నారు. అదే ఏడాది మే 24న జొహానెస్‌బర్గ్‌లో మన డక్కన్ చార్జర్స్ బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో ఐపీఎల్ గెలిచింది. ముందటేడు ఆఖరి స్థానం, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో మరుసటేడు కప్పు. 2012 అక్టోబరులో జట్టే లేదు. వంద కోట్ల బ్యాంకు హామీ ఇవ్వలేకపోయారు. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది, చూస్తున్నాను, కానీ 2009 కప్పు సన్‌రైజర్స్‌ది అని నేను ఎన్నడూ అనలేదు. షాక్ కూడా ఇలా డబ్బు హామీ దగ్గరే పోయిందా?

స్పొకేన్_పాతకాపు
మీరు చీకట్లో వేసిన బాణం సరిగ్గా తగిలింది. కానీ దానికి ముందు ఇంకో చావు ఉంది.

2015 పోటీల తరువాత షాక్ పెద్ద లీగును వదిలి ఇండోర్ ఫుట్‌బాల్ లీగు, అంటే ఐఎఫ్‌ఎల్‌లోకి వెళ్ళింది. అయితే షాక్ అన్న పేరు మీద హక్కు పాత లీగుదే. పేరును అక్కడే వదిలి రావలసి వచ్చింది. పదేళ్ళు ఊరు పిలిచిన పేరు! కొత్త పేరు ఎంపైర్. తూర్పు వాషింగ్టన్ ప్రాంతాన్ని ‘ఇన్‌లాండ్ ఎంపైర్’ అంటారు, అందుకని. అర్థం మంచిదే. కానీ నా పక్క సీటు పెద్దాయన, 2006 నుంచి సీజన్ టికెట్ ఉన్న మనిషి, ఆ ఏడాది టికెట్ కొనలేదు. “వాళ్ళెవరో నాకు తెలియదు” అన్నాడు. ఆటగాళ్ళు చాలామంది తెలిసినవాళ్ళే, హాలు అదే, కుర్చీ అదే.

హాకీ_హరిణి
వలలు కూడా పోయాయి కదా. ఐఎఫ్‌ఎల్‌లో వలలు ఉండవు. బంతి వలకు కొట్టుకుని తిరిగి వచ్చే ఆ క్షణం కోసమే మేము వెళ్ళేవాళ్ళం. అది లేకపోతే ఆటకు ఉప్పు తగ్గినట్టు ఉండేది.

చెనీ_చైతన్య
పేరు మారడమే కారణమంటే పూర్తిగా నమ్మలేను. ఎంపైర్ మొదటి ఏడాది 2016లోనే ఫైనల్‌కు వెళ్ళింది, సూ ఫాల్స్ స్టార్మ్ చేతిలో ఓడింది. అంటే ఆట బాగానే ఉంది. పైగా లీగు మారడం తప్పు నిర్ణయం కూడా కాదు. పాత లీగు లెక్క చూడండి: 2015లో 12 జట్లు, 2016లో 8, 2017లో 5, 2018లో 4. మునిగే పడవలోంచి సమయానికి దిగారు. దిగిన తరువాత కూడా 2017 దాటలేకపోయారంటే తప్పు పేరుది కాదు, ఈ వ్యాపారానిదే. ఇందులో లాభం చూసిన యజమాని పేరు ఎవరైనా ఒక్కటి చెప్పగలరా?

నేను చెనీలో, తూర్పు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదివాను. మా కళాశాల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఎరిక్ మేయర్ తరువాత షాక్‌కు ఆడి 2013లో లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. ఊరి పక్కనే చదివిన కుర్రవాడు, ఊరి జట్టు. ఇంతకన్నా ఏ జట్టుకు ఏం కావాలి? అయినా మిగలలేదు. అందుకే జట్టు మీద, ఊరి మీద తప్పు వేయకండి.

స్పొకేన్_పాతకాపు
చైతన్యా, తప్పు ఊరిదని నేను అనలేదయ్యా. పేరు పోతే ఊరికి పట్టు పోతుందన్నాను. లాభనష్టాల లెక్క నువ్వు చెప్పినదే సరైనది కావచ్చు. కానీ నష్టం వచ్చిన ఏడాది జట్టును నిలబెట్టేది అలవాటే. ఇంకో ఏడాది చూద్దామని టికెట్ కొనే అలవాటు. పేరు మార్చినప్పుడు మనం ఆ అలవాటుకు గండి కొట్టాం.

చెనీ_చైతన్య
అది ఒప్పుకుంటాను అన్నా. నేను 2016లో రెండు ఆటలకే వెళ్ళాను. అంతకుముందు ఒక్కటి కూడా మానలేదు. ఎందుకు తగ్గించానని అడిగితే చెప్పడానికి నా దగ్గర వేరే కారణం లేదు.

అమీర్‌పేట_అనిత
డబ్బు హామీ సంగతి సగంలో ఆపారు. తరువాత ఏమైంది?

స్పొకేన్_పాతకాపు
నేను 2018లో ఊరు వదిలాను. తరువాతిది స్నేహితుల ద్వారా, పత్రికల ద్వారా తెలిసింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే బయట మైదానంలో ఆడే అమెరికా అతిపెద్ద ఫుట్‌బాల్ లీగులో, ఒకప్పుడు ఆడిన శామ్ ఆడమ్స్ ముందుకు వచ్చి, షాక్ పేరు తిరిగి సంపాదించి, ఐఎఫ్‌ఎల్‌లో జట్టును బతికించారు. ఆ వార్త తెలిసిన రోజు నాకు ఏడెనిమిది ఫోన్లు వచ్చాయి, పక్క సీటు పెద్దాయన ఫోను సహా. 2020లో ఆడాలి. కరోనా వచ్చింది. ఆ ఏడాది పోయింది. 2021లో ఆడారు. ప్రేక్షకుల మీద ఆంక్షలున్న కాలం అది. 2022 మొదట్లో, హాలుకు హామీగా ఇవ్వవలసిన బాండు సమకూరలేదు. అద్దె ఒప్పందం రద్దయింది. హాలు లేని జట్టు లీగుకు అక్కరలేదు, ఐఎఫ్‌ఎల్ సభ్యత్వం తీసేసింది. కథ అక్కడికి ఆగింది.

డక్కన్_అభిమాని
మైదానంలో ఎవరూ ఓడించలేదు. కాగితం ఓడించింది. మాది కూడా అంతే.

బెల్‌వ్యూ_సుధ
అభిమానిగారూ, ఒక మాట. హాలు నడిపేది ప్రజల సొమ్ముతో. హామీ లేకుండా తేదీలు ఇచ్చి, జట్టు మధ్యలో ఆగిపోతే నష్టం పన్ను కట్టేవాళ్ళది. ఆ కాగితం అడగడం వాళ్ళ బాధ్యత. నాకు జట్టు పోయినందుకు దుఃఖమే, కానీ అడిగినవాళ్ళను తప్పుపట్టలేను.

డక్కన్_అభిమాని
న్యాయం మీ వైపే ఉంది. దుఃఖం మాత్రం నా వైపే ఉండనివ్వండి.

విజయవాడ_వేణు
ఈ ఆటకూ మనకూ ఒక చుట్టరికం ఉంది, ఎవరూ చెప్పలేదు. 2012లో మన దేశంలో ఎలైట్ ఫుట్‌బాల్ లీగు అని అమెరికన్ ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. బయట మైదానంలో ఆడేదే. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది. డబ్బు పెట్టినవాళ్ళలో కర్ట్ వార్నర్ ఒకరు. ఆయన అయోవాలో సరుకుల దుకాణంలో రాత్రిపూట అరల్లో డబ్బాలు సర్దుతూ, గంటకు 5.50 డాలర్లు తీసుకుంటూ, 1995లో అరీనా ఫుట్‌బాల్‌లోకి వచ్చారు. డె మాయిన్ నగరంలోని అయోవా బార్న్‌స్టార్మర్స్ జట్టు. అక్కడ మూడేళ్ళు ఆడి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళి, 2000 జనవరిలో ఆ లీగు ఫైనల్, సూపర్ బౌల్ గెలిచారు. 50 గజాల మైదానంలో రెప్పపాటులో బంతి విసరడం నేర్చినవాడికి 100 గజాలు తీరుబడిగా కనబడి ఉంటాయి.

మన స్కైకింగ్స్ కూడా ఇప్పుడు లేదు. నేను టీవీలో చూసిన ఒక్క ఆట తప్ప ఏమీ గుర్తులేదు. జెర్సీ దొరికి ఉంటే కొనేవాణ్ణి.

హాకీ_హరిణి
ఆ ఉదాహరణ చూపించి ఆటగాళ్ళను తక్కువ డబ్బుకు ఆడించారేమో అని నా అనుమానం. వెయ్యిమందిలో ఒక వార్నర్. మిగతా తొమ్మిదివందల తొంభైతొమ్మిదిమందికి మోకాళ్ళ నొప్పులు. కింద సిమెంటు, దాని మీద పలుచని తివాచీ, చుట్టూ గోడ. ఆ దెబ్బలు నేను కళ్ళారా చూశాను. గోడకు తగిలిన చప్పుడు పై వరుసకు కూడా వినబడేది.

స్పొకేన్_పాతకాపు
హరిణిగారూ, ఆసుపత్రిలో ఉన్నవాడిగా మీ మాటకు తల ఊపుతున్నాను. అయినా ఆ తాళాల కుర్రవాణ్ణి ఒకసారి అడిగాను, ఈ 200 డాలర్లకు ఇంత దెబ్బలు ఎందుకని. “వారానికి ఒక రాత్రి నేను ఏమిటో నాకు తెలుస్తుంది” అన్నాడు. దాని మీద నేను ఇంకేమీ అడగలేదు.

గజంబద్ద
పూర్తి చేయడానికి ఒక్క సంగతి. పాత లీగు 2019 చివర్లో రెండోసారి దివాలా తీసి మూతపడింది. 2024లో ఆ పేరుతోనే ఇంకెవరో 16 జట్లతో మళ్ళీ మొదలుపెట్టారు. కొద్ది వారాల్లోనే జట్లు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. పేరు కొనడం తేలిక. విమానం టికెట్లు కొనడమే కష్టం. ఇందులో సుధగారి వారి మాటే నిలిచింది.

అమీర్‌పేట_అనిత
రవిగారూ, ఇంతకీ అబ్బాయికి ఏం చెప్పారు?

పాలౌస్_రవి
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఎప్పుడూ ఓడేది కాదురా, రెండు చిన్న కప్పులు, ఒక పెద్ద కప్పు గెలిచింది, డబ్బు చాలక ఆగిపోయింది అని. కాసేపు ఆలోచించి, “మరి ఆ కప్పులు ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నాయి?” అన్నాడు. పాతకాపుగారూ, మీకేమైనా తెలుసా?

స్పొకేన్_పాతకాపు
తెలియదు. పక్క సీటు పెద్దాయనను అడుగుతాను. ఆదివారం ఫోను చేస్తాడు.